చూపులమ్మ ముఖం

చూపులమ్మ రాయికి ముఖం లేదు.

హరిబాబు కెమెరా మీంచి కన్ను తీసి, జేబురుమాలుతో రెండు కళ్ళూ తుడుచుకుని, మళ్ళీ చూశాడు. రాయి ఉంది, ఎక్కడికీ పోలేదు. ఇద్దరు మనుషుల ఎత్తున, ఇసకలోంచి లేచి పడమటికి కాస్త వాలి నిలబడి ఉంది. భుజం ఉంది, మెడ దగ్గర నొక్కు ఉంది, మెడ మీద పెద్ద గుండు ఉంది. ఆ గుండుకి పడమటి వైపున ఉండాల్సిన నుదురు, ముక్కు, మూసీ మూయని పెదవులు, అస్తమిస్తున్న సూర్యుణ్ణి చూసే కన్ను, ఎనిమిదేళ్ళుగా క్యాలెండర్ల మీదా బస్టాండు గోడల మీదా జనమంతా చూసిన ఆ ముఖం మాత్రం లేదు. అక్కడ ఉత్త రాయి ఉంది. పొద్దు ఇంకా తాటిచెట్టంత ఎత్తున ఉంది, గట్టిగా చూస్తే గంట. ఈ గంటలో ముఖం దొరకాలి, దొరికిన ముఖాన్ని రంగుల స్లైడు ఫిల్ము మీదికి ఎక్కించాలి, తెల్లవారి రైలుకి బొంబాయి వెళ్ళిపోతున్న మెహతా గారి చేతిలో ఆ రీలు పెట్టాలి. లేకపోతే ఏమిటన్నది హరిబాబు ఆలోచించదలుచుకోలేదు. ఆలోచించకూడదన్న ఆలోచనే గానుగెద్దులా బుర్రలో తిరుగుతోంది.

ఎవరు చెక్కేశారు? ఇసక లారీలవాళ్ళా? చక్రాల జాడలు రాయి పక్కనుంచే పోయాయి, ఏ డ్రైవరో వెనక్కి తీసేటప్పుడు తగిలించి ఉంటాడు. తగిలిస్తే అడుగున తగులుతుంది గాని అంత ఎత్తున ముక్కుకెలా తగులుతుంది? భక్తులా? రాయి మొదట్లో పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు, కొబ్బరిచిప్పలు, కర్పూరం మసి. మొక్కు గట్టిదైతే కొబ్బరికాయ విసిరి కొట్టే రకాలూ ఉంటారు. యానాం సరుకు తెచ్చుకుని ఇక్కడ కూచుని తాగే కుర్రాళ్ళా? పగిలిన సీసా పెంకులు ఇసకలో మెరుస్తున్నాయి, సీసా విసిరినవాడు రాయి విసరడా? లేక వంశీయా? రాజమండ్రిలో కలర్ ల్యాబు పెట్టినప్పట్నుంచీ వాడి చూపు అదోలా ఉంది. మొన్న స్లైడు ఫిల్ము కోసం వెళ్తే, ‘ఏంటండీ హరిబాబు గారూ, మళ్ళీ అమ్మవారి దర్శనమా, ఈసారి ఆవిణ్ణి కాస్త నవ్వమనండి’ అన్నాడు. ఆ నవ్వులో ఏదో ఉంది. ఉందా? ఏమీ లేకపోయినా ఉన్నట్టే కనబడే వేళ ఇది. హరిబాబు చెప్పులు విడిచి, కాలే రాతి మీద వేళ్ళు మోపి, భుజం దాకా ఎక్కి, గుండుకి పడమటి వైపంతా అరచేత్తో తడిమాడు. రాయి విరిగితే విరిగినచోట లేతగా, తెల్లగా, కొత్త గాయంలా కనబడాలి. ఇక్కడ గుండంతా ఒకే చర్మం. ఎన్ని వందల వరదలు నిమిరి వెళ్ళాయో, అటూ ఇటూ ఒకే నలుపు, ఒకే గరుకు, ఒకే రకం చిన్నచిన్న గుంటలు. ఉలి జాడ లేదు, దెబ్బ జాడ లేదు. దొంగతనం జరిగింది, తాళం మాత్రం వేసినట్టే ఉంది.

‘అల్లుడుగారూ, దిగండి. కాలు జారితే ఇక్కడ మోసుకెళ్ళేవాళ్ళు కూడా లేరు.’

కింద మడత కుర్చీలో, తలకి తువ్వాలు చుట్టుకుని, అచ్చిబాబు గారు. మావగారు, అంతకుముందు యజమాని, అంతకంటే ముందు పని నేర్పిన గురువు. మోకాళ్ళు ఏడుస్తున్నా వస్తానని పట్టుబట్టాడు. వ్యాను దిగి, పడవెక్కి, పాయ దాటి, పడవ దిగి ఇసకలో కూలబడుతూ లేస్తూ వచ్చాడు. వచ్చాక మాత్రం రాయి వైపు వీపు పెట్టి కూచున్నాడు. ఎండ కళ్ళలో పడుతోందన్నాడు. ఎండ పడమటినుంచి వస్తోంది, ఆయన తూర్పుకి తిరిగి కూచుంటే సరిపోయేది, దక్షిణానికి తిరిగి కూచోడం ఎందుకో. ముసలాయన చాదస్తాలు లెక్కపెట్టే తీరిక హరిబాబుకి లేదు. దిగాడు. అరికాళ్ళు చుర్రుమన్నాయి. సరిగ్గా ఇలాగే చుర్రుమన్నాయి అప్పుడూ.

అప్పుడు, అంటే తొంభై రెండులో, ఇలాగే మంచి వేసవిలో శుక్రమూఢం వచ్చి పడింది. ఫోటోగ్రాఫరుకి గోదావరి ఎండిన వేసవి అంటే పెళ్ళిళ్ళ వేసవి. ఈ రాయి నీళ్ళలోంచి బయటపడే రోజుల్లోనే ముహూర్తాలన్నీ, తలంబ్రాలు వదిలేసి రాళ్ళ వెంట తిరిగే ఫోటోగ్రాఫర్ని ఎవరూ చూసి ఉండరు. మూఢం వస్తే తప్ప తీరిక లేదు, వేసవి పోతే రాయి లేదు. అందుకే ఇన్నేళ్ళలో మళ్ళీ రాలేదు, ఇప్పుడు మళ్ళీ మూఢం వచ్చింది గనక వచ్చాడు. ఆ వేసవిలో స్టూడియోలో ఇద్దరూ ఈగలు తోలుకుంటూ కూచుంటే అచ్చిబాబు గారే అన్నాడు, ‘ఒరే హరీ, పోలవరం అవతల ఇసక తిప్పల్లో సినిమావాళ్ళు ఒంటెల్ని తెచ్చి ఎడారి పాటలు తీసుకుపోతున్నారంట. మనకి ఒంటెలు లేకపోతే పోయాయి, నువ్వు పోయి ఆ గూనోడి రాయినన్నా తీసుకురా, హైదరాబాదు పోటీకి పంపుదాం.’ అవును, అప్పటికి దీని పేరు గూనోడి రాయి. పడవవాళ్ళు పెట్టిన పేరు. చూపులమ్మ తర్వాత పుట్టింది, ఫోటో పేపర్లో పడ్డాక. అప్పటి హరిబాబుకి రెండు జతల బట్టలు, ఒక సైకిలు, స్టూడియో వెనక గదిలో చాప, యజమాని కూతురు సూర్యకళ మజ్జిగ గ్లాసు చేతికిస్తూ ఒక్క క్షణం ఎక్కువ పట్టుకునే వేళ్ళు. ఆ వేళ్ళని తలుచుకుంటూనే ఈ ఇసకలో ఒక పగలంతా తిరిగాడు, గొడుగు లేదు, తలగుడ్డ లేదు, మధ్యాహ్నానికి నీళ్ళు అయిపోయాయి, సాయంత్రానికి ఎదర రాయి రెండుగా కనబడుతోంది. అయినా తీశాడు. ఎర్రటి వెలుగు అడ్డంగా వచ్చి పడింది, కింద పెట్టిన కెమెరా మీదికి వంగి చూశాడు, అప్పుడు కనబడింది ముఖం. కనబడింది. ఎడమ వైపుకి తిరిగి, సూర్యుణ్ణి చూస్తూ. ఒళ్ళు జలదరించింది. బాగా గుర్తు. ప్రాణం పోయేదాకా గుర్తుంటుంది. వడదెబ్బతో పడవలోనే పడిపోయాడు, లేచేసరికి స్టూడియో వెనక గదిలో మంచం మీద ఉన్నాడు, ఇంకో వారానికి గాని కూచోలేకపోయాడు, కూచున్నాక సూర్యకళ ప్రింటు తెచ్చి ఒళ్ళో పెట్టింది. ‘ఎవరావిడ?’ అంది.

ఎవరావిడ. అదే ప్రశ్న అందరూ అడిగారు. పోటీ న్యాయమూర్తులు అడిగారు, పేపరువాళ్ళు అడిగారు. ‘వెలుగు’ అని జవాబు చెప్పేవాడు హరిబాబు. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట, తర్వాత అదే నమ్మకమైంది, నమ్మకం వృత్తయింది. వెలుగు కోసం కాచుకుంటే రాయి కూడా ముఖం చూపిస్తుంది. కాచుకోలేనివాడు పెన్సిలు పట్టుకుంటాడు. పెళ్ళయి, స్టూడియో తన చేతికొచ్చాక చేసిన మొదటి పని రీటచింగ్ బల్ల అటకెక్కించడం. కింద అద్దం, అద్దం కింద దీపం, అద్దం మీద నెగెటివు, ముక్కుకి భూతద్దం. నలభై ఏళ్ళు అచ్చిబాబు గారు ఆ బల్ల ముందు కూచుని జిల్లా మొత్తం ముఖాలు బాగుచేశాడు. నెగెటివు మీద పెన్సిలు పెడితే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది, బ్లేడుతో గీకితే నల్లబడుతుంది, అంతే విద్య. మొటిమలు పోయేవి, మశూచి గుంటలు పూడిపోయేవి, మెల్లకళ్ళు దారికొచ్చేవి, చామనచాయ పిల్లలు పసిమి తేలేవారు. పెళ్ళిచూపుల ఫోటో అంటే పాలకొల్లు నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. ‘మావయ్యగారూ, ఇదంతా అబద్ధం కదండీ’ అన్నాడు హరిబాబు, గౌరవంగానే అన్నాడు, ‘రాయి మీదే వెలుగు అంత పని చేస్తే మనిషి మీద చెయ్యదా?’ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘అలాగే అల్లుడుగారూ’ అన్నాడు. వాదిస్తాడనుకున్నాడు. వాదించలేదు. ఒరే హరీ అనడం మానేసి అల్లుడుగారూ అనడం మొదలెట్టిన మనిషి వాదించడం కూడా మానేశాడు కాబోలనుకున్నాడు.

పొద్దు కిందికి జారింది. నిమ్మపండు రంగు పోయి బెల్లం పాకం రంగు వచ్చింది. ఇసక మీద ప్రతి చిన్న మడతకీ ఒక నీడ మొలిచింది, ఎడారి అంటే ఇదే, ఒంటెలు ఒక్కటే తక్కువ. దూరంగా కొండలు నీలంగా వెనక్కి తగ్గాయి. వెలుగు తన పని తాను చేసుకుపోతోంది. రాయి భుజం మీద ఎరుపు ఎక్కింది, మెడ నొక్కులో నీడ చిక్కబడింది, గుండు నిగనిగలాడింది. ముఖం లేదు. కెమెరా రెండడుగులు ఎడమకి జరిపాడు. లేదు. మోకాళ్ళ మీద కూచుని చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. బోర్లా పడుకుని చూశాడు. సినిమాలో దొంగ దొరికే ముందు ఒక గుర్తు దొరుకుతుంది, సిగరెట్టు పీకో, తెగిన గుండీయో. ఇక్కడ దొరికిందల్లా ఇసకే, నోట్లో కూడా ఇసకే. మెహతా గారి గొంతు చెవిలో తిరిగింది. పెద్ద పుస్తకాలు వేసే మనిషి, దేశంలోని రాళ్ళన్నిటి మీదా ఒక పుస్తకం వేస్తున్నాడు, అట్ట మీద చూపులమ్మ. ‘ఈ రోజుల్లో కంప్యూటర్లో ఒంటెకి రెక్కలు కూడా పెట్టేస్తున్నారు హరిబాబూ. నా పుస్తకంలో వెలుగు చేసిన బొమ్మలే ఉండాలి. ఆ ముఖం నాకు రంగుల్లో కావాలి. మీ మాట చాలు.’ మీ మాట చాలు. పాత నెగెటివు చూపించండి అని ఉంటే తొంభయ్యారు తుఫానులో అచ్చిబాబు గారి పాత ఇంటి కప్పుతో పాటు పోయిందని చెప్పేవాడు. అడగలేదు. నమ్మాడు. ఈ అట్ట పడితే పెళ్ళి వీడియోలు, బారసాలలు, ఎక్కడివక్కడ వదిలేసి, ఎనిమిదేళ్ళుగా ఏ మనిషిననుకుంటూ బతుకుతున్నాడో ఆ మనిషి అయిపోతాడు. పడకపోతే? పడకపోతే ఆ మనిషి ఎప్పుడూ లేడు.

తాటాకు పాక కింద మరిడమ్మ ముంజలు చెక్కడం ఆపి వీళ్ళ కేసే చూస్తోంది. వేసవి మూడు నెలలూ ఆవిడ దుకాణం ఇక్కడే. ముంజలు, గోళీ సోడాలు, కుంకుమ పొట్లాలు, దండెం మీద వేలాడేసిన చూపులమ్మ ఫోటోలు, పైన ప్లాస్టిక్ అతికించినవి. తన ఫోటోయే. అడుగున తన పేరు లేదు.

‘ఏంటండీ, తెగ వెతికేత్తన్నారు, ఏదన్నా పడిపోయిందాండీ?’

‘ముఖం’ అన్నాడు హరిబాబు.

‘ఎవరిదండీ?’

‘అమ్మవారిది. ముఖం ఏది?’

‘ఎదురుగానే పెట్టుకుని అడుగుతారేంటండీ. అదిగోనండి కన్ను. అది ముక్కండి.’

‘అది పగులు.’

‘పోన్లెండి, ఆ పైది ముక్కనుకోండి. ఇదేమన్నా కొలిచి పెట్టిన ముక్కాండీ. వచ్చినోళ్ళకి ముందు ఫొటో చూపిత్తానండి. ఫొటో కేసి చూసి రాయి కేసి చూత్తారండి. కనబడిపోద్దండి.’

‘కనబడనివాళ్ళు?’

‘ఉంటారండి, అక్కడక్కడ. పక్కనోళ్ళు అబ్బ అంటారు కదండీ, ఈళ్ళూ అబ్బ అంటారండి. మరీ మొండోళ్ళయితే కళ్ళజోడు మర్చిపోయొచ్చామంటారండి. తమరికి జోడు ఉందాండీ?’

అచ్చిబాబు గారికి దగ్గు వచ్చింది, నవ్వో దగ్గో తెలియలేదు. హరిబాబు దండెం మీంచి ఒక ఫోటో లాక్కుని చెయ్యి చాపి రాయి పక్కన పట్టుకున్నాడు. భుజం వాలు అదే. భుజానికి ఆనుకుని కనబడే కొండ కొన అక్కడే. మెడ కింద పగులు, వెంట్రుక వాసి తేడా లేదు. నిలబడ్డ చోటు అదే, రాయి అదే, వెలుగు అదే. ఫోటోలో ఆవిడ ఉంది, రాతి మీద లేదు. ఆవిడ నుదురు పెద్దది. బుగ్గ మీద గుంటలు కూడా స్పష్టంగా ఉన్నాయి, చల్లటి చూపు, కాస్త మొండితనం. ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు గాని ఈ మొండితనం ఇప్పుడే కనబడింది. నన్ను తియ్యమని నిన్నెవరడిగారు అన్నట్టుంది. పాలకొల్లు వెంకటదుర్గ తండ్రి ముఖం గుర్తుకొచ్చింది, ఎందుకొచ్చిందో, రాకూడని వేళ. పిల్ల చామనచాయ, కాస్త తెల్లగా వచ్చేట్టు చెయ్యండి బాబూ అని చేతులు పట్టుకున్నాడు ఆ రైతు. గోడ మీది చూపులమ్మని చూపించి ఉపన్యాసం ఇచ్చాడు తను. నిజమైన ఫోటోయే ఇచ్చాడు. సంబంధం తప్పిపోయింది. ఆయన మళ్ళీ వచ్చాడు, గొడవ పడలేదు, గోడ కేసి చూసి, ‘రాయి మీద చూపించిన దయ నా పిల్ల మీద చూపించలేకపోయారు’ అని వెళ్ళిపోయాడు. అప్పుడు మావగారు లోపలి గదిలోంచి వచ్చి ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పబోయాడు? ‘మీరు ఊరుకోండి మావయ్యగారూ’ అన్నాడు తను. ఊరుకున్నాడు.

ఎందుకిదంతా ఇప్పుడు. పొద్దు అరచేతి మందం ఉంది. కొత్త ఆవకాయ మీద తేలే నూనె రంగు వచ్చి ఇసక మీద పరుచుకుంది, అటూ ఇటూ కొన్ని మైళ్ళు మండుతున్నట్టుంది. ఇంత వెలుగు బతుకులో రెండోసారి. మామూలు మనిషి ఎవడైనా ఈపాటికి రీలంతా కొట్టేసేవాడు. హరిబాబు వేలు మీట మీద ఉంది, వేలు కదలడం లేదు. ముఖం లేని రాయిని తియ్యడమంటే ముఖం లేదని ఒప్పుకోవడమే. లేదు, ఒప్పుకోడు. ఎవడో చేశాడు. చెయ్యకపోతే లేకుండా ఎలా పోతుంది? మెహతా గారికి ఆ మాటే చెప్తాడు, ఎవరో దుర్మార్గులు పాడుచేశారండి, మన దేశంలో ఇంతే. పేపరుకి రాస్తాడు. పోలీసు కంప్లయింటు ఇస్తాడు. అనుకుంటుంటేనే ఊపిరి తేలికైంది, దోషి వేరే ఉన్నాడంటే తన తప్పు లేనట్టే.

‘కంప్లయింటు ఇస్తాను మావయ్యగారూ. ఈ పసుపు కుంకుమల వ్యాపారం వల్లే ఇదంతా. కొబ్బరికాయలు కొట్టి కొట్టి పాడుచేశారు. ఆ పాక పీకిస్తే గాని బుద్ధి రాదు.’

అచ్చిబాబు గారు కుర్చీలో ఇటు తిరిగాడు. వచ్చిన తర్వాత మొదటిసారి.

‘ఎవరి మీదండీ కంప్లయింటు?’

‘ఎవరైతే వాళ్ళ మీద. ముందు ఆ మరిడమ్మని అడగమంటాను.’

‘ఆవిడ ఏం చేసిందండీ. ముంజలమ్ముకుంటోంది.’

‘ముఖం ఏమైందో ఆవిడకి తెలిసి ఉంటుంది.’

ముసలాయన తువ్వాలు విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. హరిబాబు కొత్త కెమెరా వదిలేసి సంచీలో చెయ్యి పెట్టాడు. పాత పెట్టె కెమెరా, ఆనాటిదే, పైన ఒక కన్ను, కింద ఒక కన్ను, సెంటిమెంటు కొద్దీ తెచ్చాడు. ఫిల్ము కూడా వెయ్యలేదు. చివరికొకసారి ఆనాడు చూసినట్టే చూస్తే, వంగి, పైనుంచి, ఆ చదరపు గాజు మీద. దీంట్లోంచే కదా ఆవిడ కనబడింది. ఇసకలో పెట్టి, మూత తెరిచి, వంగాడు. గాజు మీద ఎర్రటి ఆకాశం, నల్లటి రాయి. సూర్యుడు కుడి వైపున ఉన్నాడు.

కుడి వైపున. తల ఎత్తి చూశాడు. సూర్యుడు తనకి ఎడమ చేతి వైపు ఉన్నాడు, పడమర అటే. వంగి చూస్తే కుడి. అవును మరి, ఈ రకం కెమెరాలో కుడి ఎడమలు తారుమారుగా కనబడతాయి, అద్దంలోలా. స్టూడియోలో మొదటి రోజు నేర్చుకున్న సంగతి, పిల్లాణ్ణి కుడికి జరగమని ఎడమకి తోసి నవ్వులపాలైన సంగతి. ఇందులో చూస్తే సూర్యుడు కుడి వైపే ఉండాలి. సూర్యుణ్ణి చూసే ముఖం కుడి వైపుకే తిరిగి ఉండాలి. మరి తనకి గుర్తున్న ముఖం, ఒళ్ళు జలదరించిన ముఖం, ఎడమకి తిరిగి ఉందే. ఎడమకి తిరిగి ఉండేది ప్రింటులో. గోడ మీద. క్యాలెండరులో. మరిడమ్మ దండెం మీద. అంటే ఆ సాయంత్రం ఈ గాజు మీద తను ముఖం చూడలేదు. మంచం మీద కూచుని ప్రింటు చూశాడు, చూసిన దాన్ని తీసుకొచ్చి ఈ గాజు మీద అతికించుకున్నాడు, అతుకు కనబడకుండా ఎనిమిదేళ్ళు తిరిగాడు. ఆ సాయంత్రం నిజంగా ఏం చూశాడు? వెతికాడు. ఎంత వెతికినా రెండుగా ఊగే నల్లటి రాయి, దాహం, మజ్జిగ గ్లాసు, వేళ్ళు. ముఖం లేదు. మరి ముఖం ప్రింటులోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? తను తీసిన రీలుకీ, సూర్యకళ ఒళ్ళో పెట్టిన ప్రింటుకీ మధ్యలో వారం రోజులుంది. ఆ వారం తను స్పృహలో లేడు. ఆ వారంలో చీకటి గది తలుపు తీసి లోపలికి వెళ్ళిన మనిషి ఒక్కడే.

పొద్దు ఇసకని తాకింది. ఎరుపంతా ఒక్కసారి రాయి పైకెక్కి, గుండు కొన మీద నిమ్మకాయంత నిలిచి, ఆరిపోయింది. కొత్త కెమెరాలో రీలు ఎలా ఎక్కించాడో అలాగే ఉంది. హరిబాబు లేచి వెళ్ళి కుర్చీ ముందు ఇసకలో కూచున్నాడు. కోపం రావాలి, ఎందుకో రాలేదు.

‘మావయ్యగారూ. ఆ రీలు కడిగింది మీరే కదా.’

అచ్చిబాబు గారు తన చేతుల కేసి చూసుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు స్టూడియో యజమాని గొంతులా ఉంది, మావగారి గొంతులా లేదు.

‘నేనేరా హరీ. నేనే గీశాను. ఎవరి మీదా కంప్లయింటు పెట్టకు, ఆ ముంజలావిణ్ణి ఏమీ అనకు. పొద్దున్నే చెబుదామనుకున్నాను, వ్యానులో చెబుదామనుకున్నాను, పడవలో చెబుదామనుకున్నాను, చేతకాలేదు. నువ్వు జ్వరంలో ఉన్నావు. రీలు కడిగాను. పన్నెండు బొమ్మలూ రాయే. వెలుగు బ్రహ్మాండంగా పట్టావు, అది మాత్రం నీదే, అంత వెలుగు నా చేత కాదు. కానీ రాయి రాయే. ఒకదాని మీద దుమ్ము చుక్క ఉంటే తీసేద్దామని బల్ల మీద పెట్టాను. భూతద్దంలోంచి చూస్తే ఆ గుండు నిండా గుంటలు. నాకు తెలిసిన గుంటలు. మీ అత్తగారికి చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా అలాగే ఉండేది. నువ్వు చూడలేదు, సూర్యకళకీ గుర్తులేదు, ఉయ్యాల్లో పిల్ల అప్పటికి. ఆవిడకి ఫోటో లేదురా. జిల్లాలో అందరికీ తీశాను, ఇంట్లో మనిషికి లేదు. కూచోమంటే కూచునేది కాదు. నీ పెన్సిలు ముట్టించవని ఒట్టేస్తే కూచుంటాననేది. నేను నవ్వేవాణ్ణి. మచ్చలతో తీస్తే జనం నా స్టూడియో గురించి ఏమనుకుంటారే అచ్చాయమ్మా అనేవాణ్ణి. అలా అనుకుంటూ ఉండగానే పోయింది. ఆ రోజు పెన్సిలు పట్టుకున్నాను. నుదురు దానంతటదే వచ్చేసింది. ముక్కుకి కాస్త కష్టపడ్డాను. గుంటలు ఒక్కటీ చెరపలేదు, నా చేత్తో మచ్చలు ఉంచేసిన ముఖం అదొక్కటే. పోటీకి పంపాలని చెయ్యలేదు. సూర్యకళ వచ్చి చూసి, ఆరీ ఆరకముందే పట్టుకుపోయి నీ ఒళ్ళో పెట్టింది. ప్రైజు వచ్చింది. మా అన్నయ్యలు నీకు పిల్లనివ్వడానికి ఒప్పుకున్నారు. ఇంక ఎలా చెప్పను? నువ్వు బల్ల అటకెక్కించినప్పుడు చెప్పాల్సింది, పాలకొల్లు రైతు వచ్చినప్పుడు చెప్పి తీరాల్సింది, అది నా పాపమే, ఆ పిల్ల ఉసురు నాకే. నెగెటివు తుఫానులో పోయిందంటే ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు, నేను బయటికి అయ్యో అని లోపల హమ్మయ్య అనుకున్నాను. రేపు ఆ బొంబాయి ఆయనకి నా పేరే చెప్పు. అచ్చిబాబని ఒక ముసలాడు పెన్సిలుతో గీశాడు, కుర్రాడికి తెలియదు అని చెప్పు. ఎవరి ముఖమని అడిగితే మాత్రం చెప్పకు. నలుగురి ముందుకీ రావడానికి ఒప్పుకునే మనిషి కాదు ఆవిడ.’